మిద్దె తోట పాఠాలు – 5: పురుగును నలిపే ముందు

పోయిన పాఠంలో ఆకు అడుగు తిప్పి చూడటం నేర్చుకున్నాం. అక్కడ కనిపించిన వాటిలో దేన్ని తీసెయ్యాలో, దేన్ని వదిలెయ్యాలో ఈసారి చూద్దాం.

ముందు నా తెలివితక్కువ పని చెబుతాను. మౌలాలిలో మా మిద్దె మీద, కరివేపాకు కుండీలో ఓ పచ్చ పురుగు కదలకుండా పడుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్ర కొమ్ములు తీసి ఘాటు వాసన కొట్టే రకమే. ఆ రోజు దానికి ఆ ఓపిక కూడా లేదు. ఒంటికి బియ్యపు నూకల్లాంటి తెల్లటివి అంటుకుని ఉన్నాయి. ‘అమ్మో, గుడ్లు పెట్టేసింది!’ అనుకుని ఆకుతో సహా నలిపేశాను. గొంగళి పురుగు గుడ్లు పెట్టడమేమిటి, నా మొహం! గుడ్లు పెట్టేది రెక్కలొచ్చాకే. ఆ నూకలు కందిరీగల గూళ్లు.

తల్లి కందిరీగ సూదిలాంటి కొనతో పురుగు ఒంట్లోకి గుడ్లు దించుతుంది. బ్రాకోనిడ్ కుటుంబంలో చాలా రకాలు వాటితో పాటు ఒక వైరస్‌నూ ఎక్కిస్తాయి. దాంతో పురుగు ఒంట్లోని రక్షణ పడకేస్తుంది. పిల్లలు లోపలే తిని పెరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చి గూళ్లు కట్టుకుంటాయి. ఇవి మన జోలికి రావు, టెన్షన్ వద్దు.

ఇంకో రకం ట్రైకోగ్రామా. పొడవు అర మిల్లీమీటరు, పురుగు పని గుడ్డులోనే ముగిస్తుంది. అది సోకిన గుడ్డు నల్లగా మారుతుంది. పొదగబోయే మంచి గుడ్డూ కాస్త రంగు మారుతుంది కాబట్టి తొందరపడకండి.

రైతులు పొలంలో కట్టే ట్రైకో కార్డులో ఉండేది ఇదే. ట్రైకోగ్రామా సోకిన బియ్యపు రెక్కల పురుగు గుడ్లు అంటించిన ఆ అట్ట మీద సుమారు 20,000 గుడ్లుంటాయి. మిద్దెకు చిన్న ముక్క చాలు. సాయంత్రం పూట ఆకు అడుగున, నీడలో కట్టాలి. చీమలు పడితే ఒక్క గుడ్డూ మిగల్చవు. పురుగుమందు కొట్టిన మొక్కకు కట్టడం మాత్రం డబ్బు దండగ. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఇలాంటి మిత్ర పురుగుల పెంపకంలో శిక్షణ ఇస్తుంది.

ఈ వారం అభ్యాసం: తెల్ల గూళ్లున్న పురుగు దొరికితే ఆకుతో సహా సీసాలో వేసి, మూతికి పల్చటి బట్ట కట్టి నీడలో పెట్టండి. రోజూ ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. చిన్న కందిరీగలు తిరుగుతూ కనిపించిన రోజు సీసాను పూతకొచ్చిన కొత్తిమీర పక్కన పెట్టి బట్ట విప్పండి. వాటికి ఆ పూల తేనె కావాలి. అందుకే ఒక్క కుండీ కొత్తిమీరనైనా కొయ్యకుండా పూతకు వదలండి, ఇంట్లో ఎవరు గొణిగినా సరే.

వచ్చే పాఠం చీమల గురించి.