అనుభవం అడిగిన చోట అప్రెంటిస్‌షిప్ నాకు దారి చూపింది

మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తయ్యాక నేను దరఖాస్తు చేసిన ప్రతి ఉద్యోగానికీ ముందే అనుభవం ఉండాలనేవారు. అందువల్ల ఉద్యోగ ప్రకటనల వెంట పడటం తగ్గించి, కేంద్ర ప్రభుత్వ నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నాను. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద నడిచే ఈ పథకంలో డిగ్రీ, డిప్లొమా చేసినవారికి సాధారణంగా ఏడాది పాటు పరిశ్రమలోనే శిక్షణ ఇస్తారు. 2019 సవరణ నియమాలు పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించాయి. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) వంటి ప్రభుత్వరంగ సంస్థలు కూడా ఇలా అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. ఇప్పటికే ఏడాదికి మించి ఉద్యోగం చేసినవారికి సాధారణంగా అర్హత ఉండదు కనుక, చదువు ముగిసిన వెంటనే దీన్ని చూడటం మేలని నా గట్టి నమ్మకం.

నన్ను తనిఖీ విభాగంలో వేశారు. లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం మీద నుంచి వచ్చిన షాఫ్ట్‌ను (గుండ్రటి ఇరుసును) చల్లారనిచ్చి, సూక్ష్మమైన కొలతలు తీసే మైక్రోమీటర్‌తో మూడు చోట్ల కొలిచి, డ్రాయింగ్‌లో ఇచ్చిన టాలరెన్స్‌తో (కొలతలో అనుమతించే తేడాతో) పోల్చి రిజిస్టరులో రాయడం నా రోజువారీ పని. రెజ్యూమెలో "కష్టపడి పనిచేస్తాను" అన్న వాక్యం తీసేసి, ఏ పరికరంతో ఏ భాగాన్ని కొలిచానో, లోపం కనబడితే ఎవరికి ఎలా నివేదించానో రాశాను. శిక్షణ ఇచ్చిన సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన లేనందున, శిక్షణ సాగుతుండగానే విడిభాగాలు తయారుచేసే చిన్న కర్మాగారాలకు ఆ రెజ్యూమె పంపాను. వాటిలో ఒకచోట ఇంటర్వ్యూలో నా చేతికి వెర్నియర్ అనే కొలత పరికరం ఇచ్చి కొలవమన్నారు. నాణ్యతా విభాగంలో ఉద్యోగం అక్కడే దొరికింది.