నీడకూ శరత్కాలపు రంగుకూ ఓక్ చెట్టు

ఓక్ నాటాలనుకునేవారు మొక్కను ఎంచుకోకముందే తమ నేలను పరీక్ష చేయించుకోవాలి. శరత్కాలంలో ఆకులు ఎర్రబడే రెడ్ ఓక్, స్కార్లెట్ ఓక్, పిన్ ఓక్ ఉత్తర అమెరికాకు చెందినవి. ఇవి మూడూ ఆమ్లగుణమున్న నేలను కోరుకుంటాయి. క్షారగుణం ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నా వేర్లకు అందదు కాబట్టి, ముఖ్యంగా పిన్ ఓక్‌లో, ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్యభాగం పసుపుబారుతుంది. అలా నీరసించిన చెట్టు నుంచి మంచి రంగును ఆశించలేము.

కూర్చోవడానికి నీడ కావాలంటే నా ఓటు రెడ్ ఓక్‌కే. పిన్ ఓక్ కింది కొమ్మలు నేలవైపు వాలిపోతాయి. స్కార్లెట్ ఓక్ రంగు అద్భుతమే కానీ, దాని వేరువ్యవస్థ కారణంగా పెద్ద మొక్కను తవ్వి మరోచోట నాటితే నిలదొక్కుకోవడం కష్టం. దాన్ని చిన్న మొక్కగానే నాటాలి. రెడ్ ఓక్ 20 మీటర్లు దాటి పెరుగుతుంది కనుక ఇంటి గోడకు కనీసం 8 మీటర్ల దూరం, రోజంతా ఎండ తగిలే చోటు చూసుకోవాలి.

నాటడంలో ఎక్కువగా జరిగే పొరపాటు లోతుగా పాతిపెట్టడం. కుండీలోని పైమట్టిని వేళ్లతో మెల్లగా తొలగిస్తూ పోతే కాండం వెడల్పై వేర్లుగా చీలే చోటు కనిపిస్తుంది. నాటిన తర్వాత అది నేలమట్టానికి పైనే కనబడాలి. గొయ్యిని వేరుముద్ద ఎత్తు కంటే లోతుగా కాక, దానికి రెండుమూడు రెట్ల వెడల్పుతో తవ్వాలి. కుండీ గోడల వెంట చుట్టుకున్న వేర్లను కత్తిరించకపోతే అవి కొన్నేళ్లకు మొదలునే బిగించేస్తాయి. పాదులో 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులో చెక్కపొట్టో పరచి, కాండానికి మాత్రం ఆనకుండా చూడాలి. మొదటి రెండుమూడేళ్లు వర్షం లేనప్పుడు లోతుగా తడిసేలా నీరు పెట్టాలి.

కొమ్మలను చలికాలంలోనే కత్తిరించాలి. వసంతంలో చేసిన పచ్చిగాయాలపై వాలే పురుగులు ఓక్ విల్ట్ అనే ప్రాణాంతకమైన శిలీంధ్రాన్ని మోసుకొస్తాయి.

పగలు ఎండ, రాత్రి గడ్డకట్టనంతటి చలి ఉన్న ఏడాది ఎరుపు బాగా తేలుతుంది. లేతచెట్లు కొన్ని ఎండిన ఆకులను చలికాలమంతా రాల్చకుండా పట్టుకునే ఉంటాయి. చెట్టు చచ్చిపోయిందేమోనని కంగారుపడి కొట్టేయవద్దు. గోటితో చిన్న రెమ్మను గీకితే లోపల పచ్చదనం కనిపిస్తుంది. వసంతంలో మొగ్గలు ఉబ్బేసరికి ఆ ఆకులు వాటంతటవే రాలిపోతాయి.