విండోస్, లినక్స్ బూట్ టైమ్ సరిగ్గా పోల్చడం ఎలా

మా తమ్ముడు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే డిస్క్) కొనుక్కొచ్చి లాప్‌టాప్‌లో వేసి అందులో ఉబుంటు అనే లినక్స్ ఎక్కించాడు, విండోస్ మాత్రం పాత హార్డ్ డిస్క్‌లోనే ఉంచేశాడు, వారం తిరక్కుండా ఫోన్ చేసి అన్నా లినక్స్ రెప్పపాటులో ఆన్ అవుతోంది, విండోస్ వేస్ట్ అన్నాడు. రేయ్ నువ్వు కొలిచింది డిస్కుల తేడారా, ఓఎస్‌ల (ఆపరేటింగ్ సిస్టమ్‌ల) తేడా కాదు అని చెప్పి ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో వాడి రూమ్‌కెళ్ళి రెండూ ఒకే ఎస్ఎస్‌డీలో వేసి మళ్ళీ కొలిచాం. మీరూ ముందు అదే చేయండి, ఒకే మెషీన్, ఒకే డిస్క్.

రెండోసారి విండోస్ గెలిచింది, అసలు మోసం ఇక్కడే ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది కదా, షట్‌డౌన్ కొడితే కెర్నల్ని, అంటే ఓఎస్ గుండెకాయ లాంటి భాగాన్ని, ఉన్న స్థితిలోనే డిస్క్‌లో దాచిపెట్టుకుని మళ్ళీ ఆన్ చేసినప్పుడు అక్కణ్ణుంచే లేపుతుంది, అంటే అది సగం హైబర్నేషన్, పూర్తి బూట్ కాదు. పూర్తి బూట్ కావాలంటే రీస్టార్ట్ కొట్టాలి, లేదా షిఫ్ట్ నొక్కిపట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేయాలి. అలా తీస్తే మా వాడి లాప్‌టాప్‌లో విండోస్ ఆధిక్యం పోయింది.

టైమ్ ఎలా తీయాలంటే ఫోన్‌తో వీడియో తీయడమే బెస్ట్. పవర్ బటన్ నొక్కిన క్షణం నుంచి బ్రౌజర్‌లో ఒక పేజీ పూర్తిగా తెరుచుకునేదాకా, ఎందుకంటే డెస్క్‌టాప్ కనిపించినా వెనకాల ఇంకా లోడ్ అవుతూనే ఉంటుంది, మనకి కావాల్సింది పని మొదలుపెట్టగలిగే టైమ్. పాస్‌వర్డ్ కొట్టే టైమ్ కలవకుండా కొలిచినంతసేపు ఆటో లాగిన్ పెట్టుకోండి, ఏ ఓఎస్ కావాలో అడిగే గ్రబ్ మెనూ వస్తే వెంటనే ఎంటర్ కొట్టండి, లేకపోతే అది ఆగి చూసే సెకన్లు కూడా లెక్కలో పడిపోతాయి. అప్‌డేట్ పడ్డాక వచ్చే మొదటి బూట్ లెక్కలోంచి తీసేయండి. ఒక్కో ఓఎస్‌కి 5 సార్లు తీసి మధ్యలో వచ్చిన నంబర్ తీసుకోండి, సగటు వద్దు, ఒక్కసారి ఎక్కడైనా ఇరుక్కుంటే సగటు మొత్తం పాడవుతుంది.

ఓఎస్ సొంతంగా చెప్పే నంబర్లు కూడా ఉన్నాయి. లినక్స్ టెర్మినల్‌లో సిస్టమ్‌డీ ఎనలైజ్ (systemd-analyze) కమాండ్ కొడితే ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డు సొంత ప్రోగ్రామ్), లోడర్ (ఓఎస్‌ని లేపేది), కెర్నల్, యూజర్‌స్పేస్‌కి (కెర్నల్ తర్వాత మొదలయ్యే సర్వీసులకి) ఎంతెంత పట్టిందో విడివిడిగా చూపిస్తుంది, విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్‌లో డయాగ్నాస్టిక్స్ పెర్ఫార్మెన్స్ లాగ్‌లో ఈవెంట్ 100 చూస్తే మిల్లీసెకన్లలో ఉంటుంది. కానీ ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి ప్లీజ్, రెండూ లెక్క ఆపే చోటు వేరు. ఎక్కడ ఆలస్యమవుతోందో పట్టుకోవడానికే వాడండి. లినక్స్‌లో ఆ కమాండ్‌కే ఏ సర్వీసుకి ఎంత పట్టిందో చూపించే బ్లేమ్ (blame) అనే ఆప్షన్ కూడా ఉంది గానీ అందులోని సర్వీసులు ఒకేసారి నడుస్తాయి కాబట్టి ఆ టైమ్‌లన్నీ కూడితే తప్పు లెక్క వస్తుంది, ఒకదాని కోసం ఒకటి ఆగే వరస తెలియాలంటే క్రిటికల్ చైన్ (critical-chain) ఆప్షన్ చూడండి.

డ్యూయల్ బూట్, అంటే ఒకే మెషీన్‌లో రెండు ఓఎస్‌లు వాడేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంచి విండోస్ ఆపేసి లినక్స్‌లోకి వెళ్తే విండోస్ డ్రైవ్ రీడ్ ఓన్లీగానే తెరుచుకోవచ్చు, అప్పుడు అందులో ఫైల్స్ సేవ్ కావు. మా వాడికి ఆ రోజే కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లోకెళ్ళి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేశాను.