ముందు హాజరు పుస్తకం, తర్వాతే పులిహోర

తిరుపతిలో అన్నానికి కొదవ లేదు. కొండ మీద నుంచి రైల్వే స్టేషన్ దాకా ఎక్కడో ఒకచోట పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. అయినా మా పేట గుడి, మసీదు, చర్చి పెద్దలు వలస కూలీలకు ఏదైనా చేద్దామని కూర్చున్న రోజు అందరి నోటా వచ్చిన మాట అన్నదానమే. రెండు ఆదివారాలు పెట్టాం. గుండిగల్లో పులిహోర అలాగే మిగిలింది. ఆదివారం వాళ్ళు బట్టలు ఉతుక్కునే రోజు, ఊరికి డబ్బు పంపే రోజు. తిండి వాళ్ళే వండుకుంటారు. చేతికి రానిది కూలి. మీ పేటలో ఇలాంటి పని మొదలుపెట్టాలనుకుంటే మేం తిన్న దెబ్బలు మీరూ తినక్కర్లేదని రాస్తున్నాను. నేను రిటైరైన హిందీ పంతులమ్మను. ఈ గుంపులో నా పని అటు మాట ఇటు, ఇటు మాట అటు చేర్చడం.

మొదట చోటు చూసుకోండి. గుడి మండపంలో కూర్చుంటే బెంగాల్‌లోని మాల్దా నుంచి వచ్చిన తాపీమేస్త్రీలు గేటు దగ్గరే ఆగిపోయారు. మసీదు వరండాలో కూర్చుంటే ఆడవాళ్ళు రాలేదు. చర్చి హాల్లో అయితే రెండో వారానికే మతం మారుస్తున్నారని పుకారు. చివరికి టీకొట్టు పక్కన మూతబడిన టైలర్ షాపు షట్టరు ఎత్తించాం. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఫోన్ చార్జింగ్‌కు ప్లగ్ బోర్డు. నిజం చెప్పాలంటే మా ముగ్గురు పెద్దల కంటే ఆ ప్లగ్ బోర్డే ఎక్కువమందిని రప్పించింది. టైమ్ రాత్రి ఏడు నుంచి తొమ్మిది. అంతకంటే ముందు పని దిగరు.

బల్ల దగ్గర ప్రార్థన లేదు, కరపత్రం లేదు, ఫొటో లేదు. మా వాళ్ళలో ఫొటో వద్దన్నందుకే ఎక్కువ గొడవైంది. ఎవరికి ఏది చేతనవునో వాళ్ళని అదే అడగండి. భజన బృందంలో రెవెన్యూలో చేసి రిటైరైన ఆయన ఉన్నారు, ఆయన అర్జీ రాస్తే దిద్దే పని ఉండదు. మసీదు కుర్రాళ్ళకు ఉర్దూ వచ్చు. చర్చి ఆడవాళ్ళకు ఇంటింటికీ తిరిగే అలవాటు. రేకుల షెడ్లలో ఎవరు నెల తప్పారో, ఏ బిడ్డకు జ్వరమో ముందు తెలిసేది వాళ్ళకే, రుయా ఆసుపత్రికి ఆటో ఎక్కించేదీ వాళ్ళే. డబ్బు మాత్రం ఒకే హుండీలో కలపకండి. "జకాత్‌కు లెక్క వేరమ్మా, సదకా అయితే ఎవరికైనా ఇవ్వచ్చు" అని మసీదు వ్యవహారాలు చూసే ముతవల్లి సాబ్ మొదటి రోజే చెప్పారు. జకాత్ అంటే ముస్లింలు తప్పనిసరిగా తీయాల్సిన దానం, సదకా ఇష్టంతో ఇచ్చేది. ఎవరి డబ్బు వాళ్ళ దగ్గరే. ఖర్చుల పుస్తకం ఒకటే, దాని మీద మూడు సంతకాలు.

ఇక అసలు పని. మాల్దా మేస్త్రీ ఒకతను 41 రోజుల కూలి రావాలని వచ్చాడు. కాంట్రాక్టరేమో 33 రోజులే అంటున్నాడు. లెక్క ఎక్కడ రాసుకున్నావయ్యా అంటే తల దించుకున్నాడు. పనిచేసే చోట గోడ మీద రోజుకో బొగ్గు గీత గీశాడట. ఆ గోడకు ప్లాస్టరింగ్ చేసింది తనే. ఆ రాత్రి మాకేమీ తోచలేదు. టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ అంతా విని, తన అప్పు పద్దు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పొద్దున టీ, బన్ను, పక్కన తేదీ. లెక్కపెడితే 38 రోజులు. మర్నాడు భజన బృందం ఆయన, ముతవల్లి సాబ్, పాస్టరుగారు కలిసే వెళ్ళారు. ఒక మతంవాళ్ళు వచ్చి గొడవ పెట్టారనడానికి కాంట్రాక్టరుకు సందు దొరకలేదు. 38 రోజులు, రోజుకు 700, అడ్వాన్సు 5,000 పోను 21,600 ఇచ్చాడు. మూడు రోజుల కూలి మునిగింది.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు చేతిలో ఒక పాకెట్ నోటుబుక్కు పెడతాం. తేదీ, చోటు, పని, తీసుకున్న అడ్వాన్సు, కాంట్రాక్టరు ఫోన్ నంబరు. వారానికోసారి పేజీ ఫొటో మా వాట్సాప్‌కు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో చేరాలంటే ఏడాదిలో 90 రోజుల పని చూపాలి, అక్కడా ఈ పుస్తకం అక్కరకొస్తుంది. మాటతో తెగకపోతే లేబర్ ఆఫీసు, ఉచిత న్యాయసహాయానికి 15100 ఫోన్ నంబరు, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ. 2022లో తిరుపతి జిల్లా అయ్యాక చిత్తూరు దాకా బస్సెక్కే బాధ తప్పింది.

ఇటుక బట్టీల సంగతి వేరు. ఒడిశాలో బలంగీర్, నువాపడా వైపు నుంచి వచ్చే కుటుంబాలు ఊళ్ళోనే అడ్వాన్సు తీసుకుని బయల్దేరతాయి. కూలి వెయ్యి ఇటుకలకింత అని. అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వకపోతే అది అప్పు కాదు, వెట్టి. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం ఆర్డీవోకో కలెక్టరుకో రాయాలి. అక్కడికి మీరే పోయి కేకలు వేయకండి. మీరు తిరిగొచ్చాక ఆ రాత్రి అక్కడ పడుకోవాల్సింది వాళ్ళే.

రేషన్‌కు సొంతూరు పోనక్కర్లేదు. కార్డుకు ఆధార్ కలిసి ఉంటే ఇక్కడి షాపులోనే వేలిముద్ర వేసి తమ వంతు తెచ్చుకోవచ్చు, మిగతాది ఊళ్ళో ఇంటివాళ్ళు తీసుకుంటారు. టీసీ లేదని, పుట్టిన తేదీ కాగితం లేదని బడిలో పిల్లల్ని చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. ఈ మాట హెడ్మాస్టరుకు మెల్లగా చెప్తే చాలు. అసంఘటిత కార్మికుల పేరు నమోదుచేసే ఈ-శ్రమ్ కార్డు 16 నుంచి 59 ఏళ్ళవాళ్ళకు, టైలర్ షాపులో కూర్చునే ఫోన్‌లో చేసేస్తాం.

ఇంకొకటి. ఊరికి పోయేవాళ్ళు టికెట్ తేదీ కాంట్రాక్టరుకు చెప్పకూడదు. తెలిస్తే రేపు, ఎల్లుండి అంటూ రైలు కదిలేదాకా లాగుతాడు. పదిహేను రోజుల ముందే పుస్తకం తీసి లెక్క అడగమనండి.