కిటికీ మీద ఎర్ర చుక్క కనిపిస్తే వేలు పెట్టకండి

మొన్న ఆదివారం రాత్రి పదకొండింటికి ఫోను. జనవరిలో అమెరికాలో దిగిన కుర్రాడు. "అన్నా, గదంతా నల్లులు. గోడ మీద రక్తం కూడా ఉంది." వెళ్ళి చూద్దును కదా, పరుపు తీసుకెళ్ళి బయట మంచులో నిలబెట్టాడు. బట్టలన్నీ నల్ల చెత్త సంచుల్లో మూటలు కట్టాడు. తను మాత్రం వంటగదిలో నేల మీద జాకెట్ వేసుకుని కూర్చున్నాడు. కిటికీ చుట్టూ తెల్లగోడ మీద ఎర్రటి గీతలు, ఒక్కోటి వేలెడంత. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. 2016 మార్చిలో ఇదే డెన్వర్ పక్కన అరోరాలో, గ్రౌండ్ ఫ్లోర్ గదిలో, నేనూ ఇలాంటి గీతలే గీసి కూర్చున్నాను.

సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, కందిపప్పు దొరికే కొట్టు, ఇవన్నీ ఎవరిని అడిగినా చెబుతారు. ఇది మాత్రం ఎవరూ చెప్పరు. ఇక్కడ చలి ఇంకా పూర్తిగా పోకముందే, ఎండ బాగా కాసిన రోజున, దక్షిణం వైపో పడమర వైపో ఉన్న కిటికీ దగ్గర ఎర్రటి చుక్కలు నడుస్తూ కనిపిస్తాయి. గుండుసూది తలకాయ కంటే చిన్నవి. ఒకటీ రెండూ కాదు, వందల్లో వస్తాయి. వీటి పేరు క్లోవర్ మైట్.

గొడవంతా మన మాటలోనే ఉంది. మంచంలో దూరి రక్తం తాగేదాన్నీ నల్లి అంటాం, బెండ ఆకు అడుగున చేరి రసం పీల్చేదాన్నీ ఎర్రనల్లి అంటాం. రెండింటికీ సంబంధమే లేదు. మంచం నల్లి ఆరుకాళ్ళ పురుగు. ఈ క్లోవర్ మైట్ ఎనిమిది కాళ్ళది, సాలీడు వైపు చుట్టం. మన బెండనూ వంగనూ పట్టే ఎర్రనల్లీ, ఇదీ ఒకే కుటుంబం. తొలకరికి మనం అగ్గిపెట్టెలో పెట్టుకుని ఆడుకున్న ఆరుద్ర పురుగు కూడా దీనికి దూరపు బంధువే. అప్పట్లో నేను ఫొటో పంపితే మా నాన్న చూసి, "అది పైరు మీది నల్లిలా ఉందిరా, దానికి నీ మంచంతో ఏం పని?" అన్నారు. అమెరికా పురుగు సంగతి ఆయనకేం తెలుసులే అనుకున్నాను. ఆ మాట వినుంటే నాకు నాలుగు రాత్రులు నిద్ర మిగిలేది.

ఇప్పుడు అసలు సంగతి. నలపకండి. దయచేసి నలపకండి. పేలు కుక్కి పెరిగిన చేతులు మనవి, చిన్న పురుగు కనబడితే బొటనవేలు దానంతటదే వెళుతుంది. నాకు తెలుసు. కానీ దీన్ని నలిపితే ఎర్రటి మరక పడుతుంది. అది మీ రక్తం కాదు, ఎవరి రక్తమూ కాదు, దాని ఒంట్లో ఉన్న రంగు. అయితే తెల్ల పెయింటుకీ, బ్లైండ్స్‌కీ, లేతరంగు కార్పెట్‌కీ అది పట్టిందంటే వదలదు. కంగారులో తడిగుడ్డ పెట్టి రుద్దుతారు, చుక్క కాస్తా చేటంత అవుతుంది. నేను చేసింది అదే. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో 180 డాలర్లు కోసుకున్నారు. వచ్చిన కొత్తలో 180 డాలర్లంటే నాకు నెల తిండి! బూటుకాలితో కార్పెట్ మీద తొక్కడమూ నలపడమే. కర్టెన్ దులిపి నలిపినా నలపడమే. దిండు పెట్టి అదిమాను అన్నా, చీపురుతో ఊడ్చాను అన్నా నేను వినను.

మరేం చెయ్యాలి? వాక్యూమ్ తీసుకోండి. బ్రష్ పీకేసి ఉత్త గొట్టంతో, గోడకి తగిలీ తగలకుండా పీల్చండి. తర్వాత ఆ చెత్తని కవర్లో పోసి ముడేసి బయట డబ్బాలో పడెయ్యండి, లేదంటే అవే మళ్ళీ పాక్కుంటూ వస్తాయి. కిటికీ గట్టు మీద అంచు పొడవునా బేబీ పౌడర్ సన్నగా చల్లితే దాటడానికి కష్టపడతాయి. రెండు వైపులా అంటుకునే టేపు అంటించినా చాలావరకు అక్కడే ఆగిపోతాయి. కిటికీ ఫ్రేము పక్కన సందులుంటే మీరు మైనాలూ బంకలూ కూరకండి. ఇల్లు అద్దెకిచ్చిన లీజింగ్ ఆఫీసుకి రాతపూర్వకంగా చెప్పి, మెయింటెనెన్స్ వాళ్ళ చేత పూడిపించండి. ఫోన్లో చెప్పి ఊరుకోకండి, ఫొటో జతచేసి మెయిల్ పెట్టండి. తేదీతో ఒక ముక్క ఉంటే రేపు డిపాజిట్ దగ్గర పనికొస్తుంది.

ఇంట్లో మందు మాత్రం కొట్టకండి. నేను డబ్బా కొనుక్కొచ్చి గదంతా కొట్టి, ఆ వాసనలో తలనొప్పితో తెల్లవార్లూ కూర్చున్నాను. పొద్దున్నే ఎండ రాగానే కొత్త గుంపు దిగింది. అవి పుట్టేది బయట గడ్డిలో అయితే లోపల మందు కొట్టి ఏం లాభం? సూట్‌కేసులో దాచుకుని తెచ్చిన పురుగుల చాక్‌పీసుంటే అదీ గీయకండి, ఇక్కడ దాన్ని అమ్మడమే చట్టవిరుద్ధం.

సొంత ఇల్లు కొన్నవాళ్ళకి ఒక్క మాట. గోడ మొదట్లో ఒకటిన్నర నుంచి రెండడుగుల మేర గడ్డి తీసేసి మట్టో గులకరాళ్ళో వదిలెయ్యండి. గడ్డికి ఎరువు ఎక్కువ వేసినచోట ఇవి ఎక్కువ, కాబట్టి పచ్చగా కనబడాలని తెగ కుమ్మరించకండి. గోడ పక్కన బంతి, చామంతి, గులాబీ లాంటివి పెట్టుకోవచ్చు, వాటి జోలికి ఇవి పెద్దగా రావు. పూజకీ పూలొస్తాయి.

నిజమైన నల్లి అనుమానం ఉంటే పగలు కిటికీ దగ్గర కాదు వెతకాల్సింది, పరుపు కుట్ల దగ్గర. పెద్దది యాపిల్ గింజంత ఉంటుంది, రాత్రి వస్తుంది, దుప్పటి మీద నల్లటి చుక్కలు వదులుతుంది. అది కనిపిస్తే సొంత వైద్యం మాని వెంటనే లీజింగ్ ఆఫీసుకి చెప్పండి. అసలు రోడ్డు పక్కన ఫ్రీ అని పెట్టిన పరుపు మోసుకొచ్చేవాళ్ళతో నేను మాట్లాడను. నేనూ మోసుకొచ్చాను, అందుకే చెబుతున్నా. నా భయంలో సగం ఆ పరుపు వల్లే. తప్పు చేశానని మనసులో ముందే ఉంది, ఎర్ర చుక్క కనబడగానే తీర్పు ఇచ్చేసుకున్నాను.

సరే, ఇంతసేపు భయపెట్టాను గనుక ఇదీ చెబుతాను. క్లోవర్ మైట్ కుట్టదు, రక్తం తాగదు, బియ్యంలో చేరదు, బట్టల్లో కాపురం పెట్టదు. తినేది గడ్డి రసం, అది మీ హాల్లో దొరకదు. లోపలికి వచ్చినవి తేమ లేక కొద్దిరోజుల్లో చస్తాయి. ఎండలు ముదిరితే బయటవీ పోతాయి, గుడ్లు మాత్రం సందుల్లో పడుంటాయి. మళ్ళీ చలికాలం ముందు కొన్ని కనబడొచ్చు. అన్నీ ఆడవే, మగపురుగుతో పనిలేకుండా గుడ్లు పెడతాయి. ఇది విని మా ఆవిడ చాలాసేపు నవ్వింది, ఎందుకో నేను అడగలేదు.

ఆ కుర్రాడి పరుపు ఆ రాత్రే లోపలికి తెచ్చాం, ఆరడానికి రెండు రోజులు పట్టింది. గోడ మీద గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. వాక్యూమ్ లేనివాళ్ళు నా దగ్గరున్నది పట్టుకెళ్ళండి. గొట్టంతో సహా తిరిగి ఇవ్వండి, పోయినసారి గొట్టం రాలేదు.