కార్తీకం వానల ముందు పెరటి ఆకుమొక్కలకు జాగ్రత్తలు

మా వీధిలో కార్తీక మాసంలో ఎక్కువగా చచ్చిపోయే మొక్క తులసి. వినడానికి అపచారంగా ఉంటుంది గానీ నిజం. పైనుంచి వాన కుమ్మరిస్తూనే ఉంటుంది. కింద మనం తెల్లవారుజామునే తలస్నానం చేసి చెంబుడు నీళ్లు పోస్తాం. పక్కింటావిడ ప్రదక్షిణకు వచ్చి ఇంకో చెంబు పోస్తుంది. కోటలో మట్టి నెల రోజులు ఆరదు. క్షీరాబ్ది ద్వాదశికి పక్కన ఉసిరి కొమ్మ గుచ్చేసరికి తులసి ఆకులు పసుపుబారి రాలుతుంటాయి. "చలికి పోయిందమ్మా" అని సర్దుకుంటాం. నెల్లూరులో జనవరి రాత్రులు కూడా 20 డిగ్రీల చుట్టూనే ఉంటాయి. ఆ చలి తులసినేం చేస్తుంది? వేరు కుళ్లి పోతుందది.

మన జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. ఒంగోలు వైపు కూడా తుపాను టెన్షన్ ఆ నెలల్లోనే. అందుకే కుండీల పని దసరా సెలవుల్లో ముగించేయాలి. దీపావళి టపాసుల దాకా ఆగితే ఆలస్యమే.

ముందు కుండీ అడుగు చిల్లు చూడండి. ఒక చెంబు నీళ్లు పోసి నిలబడండి. కాసేపట్లో కింద ధార కనిపించాలి. కనిపించకపోతే వేర్లో మట్టో చిల్లును మూసేశాయన్నమాట. ఇనుప చువ్వతో పొడిచి దారి చేయండి. కుండీల కింద పెట్టిన ప్లేట్లు తీసి అటక మీద పడేయండి. అందులో నిలిచే నీళ్లు మొక్కకు చేటు, ఆ నీళ్లలో పెరిగే దోమలు మనకు చేటు. ప్రతి కుండీ కింద రెండు ఇటుక ముక్కలు పెడితే నీరు పోతుంది, గాలీ ఆడుతుంది.

కొబ్బరి పొట్టు ఎక్కువగా కలిపిన మట్టి మే నెల ఎండలకు వరమే. అదే మట్టి నవంబరులో తడిగుడ్డలా ఉండిపోతుంది. అలాంటి కుండీల్లో పైమట్టి కొంత తీసేసి, రెండు పాళ్ల మట్టికి ఒక పాలు ముతక ఇసుక కలిపి నింపండి. పెన్న ఇసుకైతే బంగారం. దగ్గర్లో ఉంది కదా అని మైపాడు బీచి నుంచి సంచి నింపుకొచ్చేవాళ్లను చూశాను. ఆ ఉప్పుకు మొక్క మాడిపోతుంది.

తులసి కోటతో వచ్చే చిక్కు వేరు. సిమెంటు కోటలు చాలావాటికి అడుగున నీరు పోయే దారే ఉండదు, పైకి మాత్రం అందంగా ఉంటాయి. మేస్త్రీని పిలిచి పక్కగోడకు కింద, మట్టి మట్టానికి దిగువన, బొటనవేలంత రంధ్రం వేయించండి. ఇక భక్తి విషయానికొస్తే, వాన పడిన రోజు మొక్క మొదట్లో ఉద్ధరిణెడు నీళ్లు చాలు. మిగతా చెంబు కోట గోడల మీద, గడప మీద పోసుకోండి. ఎండిన కంకులు కొన్ని తుంచి, గింజలు కాగితం పొట్లంలో దాచుకోండి. కోటలో మొక్క పోయినా నారు మీ చేతిలో ఉంటుంది.

వామాకు ఇంకా సుకుమారం. ఆకూ కాడా అంతా నీరే కాబట్టి అందరికంటే ముందు కుళ్లేది అదే. నేను 2021లో పోగొట్టుకున్నాను. ఆ నవంబరులోనే పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. ఊరంతా ఆ గొడవలో ఉంటే వామాకు కోసం ఏడ్చేదేముంది అనుకున్నాను గానీ, మనవడికి దగ్గు వచ్చిన రాత్రి గుర్తొచ్చింది. ఇప్పుడైతే వానలకు ముందే నాలుగు కొమ్మలు విరిచి, చిన్న కుండీలో గుచ్చి, వరండా చూరు కింద పెడతాను. రెండు వారాల్లో వేళ్లూనుతాయి. కలబందా ఇలాగే కుళ్లుతుంది, దాని కుండీనీ చూరు కిందికి చేర్చండి. పుదీనా, సరస్వతి ఆకు గురించి బెంగ వద్దు, వాటికి తడే పండగ. కొత్తిమీర మాత్రం ముందే చల్లి వానకు అప్పగించకండి. పెద్దవానలు వెనకపట్టాక, డిసెంబరులో చల్లితే చల్లదనానికి గుబురుగా వస్తుంది.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు మొదట చూడాల్సింది పిట్టగోడ. దాని మీద ఒక్క కుండీ కూడా ఉండకూడదు. మొక్క పోతే పోయింది, కింద నడిచేవాళ్ల తల పగిలితే? పొడుగు కరివేపాకు కుండీని గోడవారగా పడుకోబెట్టేయండి. నిలబెట్టి తాళ్లతో కడితే కొమ్మ విరుగుతుంది. షేడ్ నెట్ విప్పి చుట్టేయండి, లేకపోతే అది తెరచాపై పైపులను కూడా లేపుకుపోతుంది. మేడ మీద తూములో ఆకులు తీసేయండి. కోసుకోగలిగినంత ఆకు ఆ సాయంత్రమే కోసుకుంటే రెండు రోజులు కూరల బండి రాకపోయినా చారులోకి లోటుండదు.

వాన తగ్గాక ఆత్రపడకండి. కుండీల సందుల్లో పాములూ జెర్రులూ చేరతాయి కాబట్టి కర్రతో కదిపి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. డ్రైనేజీ నీళ్లు తగిలిన పుదీనా, కొత్తిమీర ఎంత కడిగినా వంటలోకి వద్దు. పుదీనాను నేలమట్టంగా కోసేసి, కొత్త చిగురు వచ్చాక వాడుకోండి. సముద్రానికి దగ్గరైతే ఉప్పుగాలి పట్టిన ఆకుల మీద ఒకసారి మంచినీళ్లు చల్లండి. మట్టి ఆరేదాకా ఎరువు జోలికి పోవద్దు.

ధనుర్మాసంలో మంచు మొదలవుతుంది. రాత్రంతా ఆకు మీద తడి ఉంటే మచ్చలు, బూజు వస్తాయి. సాయంత్రం నీళ్లు మానేసి, ఉదయం ఎండ వచ్చాక మొదట్లోనే పోయండి.

మంచు అంటే మనకు ఇంతే. షికాగోలో ఉన్న మా అన్న కూతురికి అదే మాట మోకాళ్ల లోతు. అక్కడ పుదీనా పైకి మొత్తం ఎండిపోయినా నేలలో వేరు బతికి వసంతంలో మళ్లీ లేస్తుంది. తులసి, నిమ్మగడ్డి, కరివేపాకు బయట ఉంటే మిగలవు. రాత్రి వేడి 10 డిగ్రీల లోపుకు దిగకముందే కరివేపాకును ఇంట్లోకి తెచ్చుకోవాలి. తెచ్చేముందు ఆకుల అడుగున పొలుసు పురుగు, నల్లి ఉన్నాయేమో చూడాలి. దక్షిణపు కిటికీ దగ్గర, హీటరు గాలి తగలని చోట పెట్టాలి. ఇవన్నీ చేసింది పిల్ల. అయినా డిసెంబరులో ఆకులన్నీ రాలి పుల్ల మిగిలేసరికి, దాహమనుకుని రోజూ గ్లాసెడు నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

"అత్తా, చచ్చిపోయింది, పారేయనా?" అని ఫోను. నీళ్లు ఆపేసి, వేలు మట్టిలో రెండు కణుపులు దించినా తడి తగలనప్పుడే కాస్త పోయమన్నాను. గోటితో బెరడు గీకి చూడమన్నాను. లోపల పచ్చగా ఉంది.