మూతి నుంచి మందు కూరే రైఫిల్ ఎలా ఎంచుకోవాలి?

పెన్సిల్వేనియాలో క్రిస్మస్ దాటాక జింకల వేటకు ఫ్లింట్‌లాక్ సీజన్ అని ఒకటి ఉంది. 1974లో మొదలైంది. చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే రైఫిల్ తప్ప ఇంకే రైఫిలూ అందులో పనికిరాదు. డిసెంబర్ వస్తే చాలు, ఇక్కడి మనవాళ్లు “అన్నా, ఏది కొనమంటావ్?” అని ఫోన్ చేస్తారు. అడిగేవాళ్లలో సగం మంది అప్పటికే ఏదో ఒకటి కొనేసి ఉంటారు!

ముందు చట్టం చూసుకోండి. అమెరికా ఫెడరల్ చట్టం మూతి నుంచి మందు కూరే ఈ తుపాకుల్లో చాలావాటిని మామూలు తుపాకుల లెక్కలో వేయదు. రాష్ట్రాల సంగతి వేరు. న్యూజెర్సీలో కొనాలంటే ఐడీ కార్డు కావాలి. కొలరాడోలో ఈ రకం తుపాకులకని పెట్టిన సీజన్‌లో వేటకు స్కోపు (గురిచూసే దుర్బిణి) పెట్టకూడదు. ఇక మన ఊళ్లలో భర్మార్ అనేది కూడా ఈ జాతిదే. అక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంటే కేసే, వేట అసలే నిషేధం. కాబట్టి ఈ వ్యాసం అమెరికాలో ఉన్నవాళ్లకు మాత్రమే.

తర్వాత, పేలే పద్ధతి. చెకుముకి రాయిది ఫ్లింట్‌లాక్, చిన్న రాగి టోపీ పెట్టేది క్యాప్‌లాక్, 209 ప్రైమర్ (షాట్‌గన్ తూటాల్లో వాడే నిప్పు టోపీ) పెట్టేది ఇన్‌లైన్. ఈ ఆధునిక ఇన్‌లైన్‌ను 1985లో టోనీ నైట్ తెచ్చాడు. వానలోనూ పేలుతుంది, స్కోపు పెట్టుకోవచ్చు. అంత సుఖం కావాలంటే మామూలు రైఫిలే కొనుక్కోవచ్చు కదా? ఫ్లింట్‌లాకే కొనండి. మడమ వాల్‌నట్ కర్రదే ఉండాలి, ప్లాస్టిక్ వద్దు. క్యాలిబర్, అంటే బ్యారెల్ రంధ్రం వెడల్పు, .50 అంగుళం. దీని మీద చర్చ అనవసరం.

అసలు గొడవ ట్విస్ట్ దగ్గర. బ్యారెల్ లోపల మర తిరిగినట్టు గాళ్లు ఉంటాయి. ఆ గాడి ఒక చుట్టు పూర్తి చేయడానికి ఎన్ని అంగుళాలు పడుతుందో అదే ట్విస్ట్. గుడ్డలో చుట్టి దించే గుండ్రటి సీసం గుండుకు నెమ్మదిగా తిరిగే గాడి కావాలి, అంటే 60 నుంచి 66 అంగుళాలకు ఒక చుట్టు. ప్లాస్టిక్ తొడుగులో వచ్చే పొడుగు గుండుకు 28 అంగుళాల ట్విస్ట్ కావాలి. ఇది తారుమారైతే ఎంత ఖరీదైన రైఫిలైనా గుండు ఎక్కడ తగులుతుందో చెప్పలేం. జనం మాత్రం ముందు రైఫిల్ కొని, ఆ తర్వాత గుండు వెతుక్కుంటారు. ఇది పూర్తిగా తలకిందుల పని. ఏ గుండు కాల్చాలో ముందు తేల్చుకోండి.

1970 నుంచి వచ్చిన థామ్సన్ సెంటర్ కంపెనీ హాకెన్‌లు పాత సరుకులో బాగా దొరుకుతాయి. వాటి ట్విస్ట్ 48. రెండు రకాల గుండ్లకూ పనికొస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. అబద్ధం కాదు గానీ, రాజీ బేరం. నన్నడిగితే గుండ్రటి గుండుకు 60 ట్విస్ట్ ఉన్న లైమన్ కంపెనీ గ్రేట్ ప్లెయిన్స్ రైఫిల్ మేలు. కానీ అదే పేరుతో వచ్చిన ‘హంటర్’ రకం ట్విస్ట్ 32. పేరు చూసి కొంటే దెబ్బతింటారు.

అందుకే ఎవరి మాటా నమ్మకుండా మీరే కొలవండి. దానికంటే ముందు లోపల మందు ఉందేమో చూడాలి. ఎప్పుడో కూరి మరిచిపోయిన తుపాకులు నిజంగానే అమ్మకానికి వస్తాయి. మూతికి ఎదురుగా నిలబడకండి. మందు కూరే కడ్డీని ఆగేదాకా మెల్లగా దించి, మూతి దగ్గర బొటనవేలితో గుర్తు పట్టి, బయటికి తీసి బ్యారెల్ పక్కన ఆనించండి. కడ్డీ చివర నిప్పు పోయే రంధ్రం దాకా రావాలి. అంగుళమో రెండంగుళాలో తక్కువైతే లోపల ఏదో ఉన్నట్టే. మీరు కెలక్కుండా కొట్టువాడికే వదిలేయండి.

ఖాళీ అని తేలాక, పిడి దగ్గర సులువుగా తిరిగే క్లీనింగ్ కడ్డీ తీసుకుని, దాని చివర బిగుతుగా గుడ్డ పెట్టి అడుగుదాకా దించండి. మూతి దగ్గర కడ్డీ మీద ఒక గీత, పైవైపున ఒక చుక్క పెట్టండి. మెల్లగా బయటికి లాగితే గాళ్ల వెంట కడ్డీ తిరుగుతుంది. చుక్క పైనుంచి పక్కకు వచ్చేసరికి పావు చుట్టు. అప్పటికి గీత మూతి నుంచి ఎన్ని అంగుళాలు బయటికొచ్చిందో కొలిచి నాలుగుతో హెచ్చవేయండి. 12 వస్తే 48 ట్విస్ట్, 7 వస్తే 28. గుడ్డ వదులైతే గాడి పట్టక జారిపోయి లెక్క తప్పుతుంది. అందుకని మూడుసార్లు చేయండి.

ఆ గుడ్డను పారేయకండి. ఎర్రగా వస్తే తుప్పు. లాగేటప్పుడు ఒకేచోట గరగరా పట్టేస్తే లోపల గుంటలు పడ్డట్టు. పైన ఎంత నిగనిగలాడినా ఆ రైఫిల్ వద్దు.

మందు విషయానికొస్తే, .50కి 2ఎఫ్ (ఇది గింజ సైజు గుర్తు) నల్లమందు చాలు. పొగలేని ఆధునిక మందు మాత్రం చిటికెడు కూడా వేయకండి, బ్యారెల్ పగిలి చేతులు పోతాయి. దానికోసమే తయారైన తుపాకులు వేరే ఉన్నాయి, మీరు కొనేది అది కాదు.